వడ్లు కనిపిస్తే సైకిల్ దిగాలి

ఆదివారం పొద్దున మా సైకిల్ గ్రూపులో వచ్చే కబుర్లు రెండే: ఎక్కడ కలవాలి, ఎవరు ఎగ్గొడుతున్నారు. ఆ ఆదివారం మాత్రం డ్రిల్లు సారు వాళ్లమ్మాయి ఇలా పెట్టింది: "నాన్న నిన్న సాయంత్రం వెళ్లిపోయారు. బాధ పడలేదు." అప్పటికి నేను వడ్ల కొనుగోళ్ల మీద ఒక ఘాటైన వ్యాసం రాస్తూ కూర్చున్నాను. వాక్యం సగంలో ఆగిపోయింది. నిజం చెప్తున్నా, ముందు ఏడుపు రాలేదు. పోయిన ఏడాది ఆయన నన్నొక మాట అడిగారు. దానికి నేనింకా జవాబు చెప్పలేదు. అది గుర్తొచ్చింది. ఏటా ఆయనతో చేసే సైకిల్ యాత్రకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

చచ్చిపోయిన ప్రతివాణ్ణీ దేవుణ్ణి చేసే అలవాటు నాకు లేదు. సారుకు కూడా ఆ అన్యాయం చెయ్యను.

సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ఆయన మాకు డ్రిల్లు చెప్పేవారు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నలభై ఏళ్లలో ఆ గోదావరి మాటలోకి కొంచెం అనడానికి మన తెలంగాణ 'జెర', కూడా అనడానికి మన 'సుత' వచ్చి చేరాయి. "ఏవండీ, జెర పక్కకి జరుగుతారా?" అని ఆయన అడుగుతుంటే మేం వెనక నిలబడి నవ్వుకునేవాళ్లం.

ఏడో తరగతిలో, మగపిల్లలకు ఫుట్‌బాలూ మాకు స్కిప్పింగ్ తాడూ ఏంది సార్ అని తగాదా పెట్టుకున్నాను. పీరియడంతా ఓపిగ్గా విన్నారు. చివర్లో బంతి తెచ్చి నా చేతిలో పెట్టి, "నెగ్గావమ్మా, తగవులమ్మా. ఆటకి టైమే మిగల్లేదు" అన్నారు. మర్నాటి నుంచి మాకూ బంతి వచ్చింది. ఆ పేరు మాత్రం నాకు ఇవాళ్టికీ వదల్లేదు.

రిటైరయ్యాక ఏటా దీపావళి వెళ్లగానే, వరి కోతలప్పుడు, పదిమందిని పోగేసి అల్వాల్‌లో బయల్దేరేవారు. బొల్లారం దాటి, మేడ్చల్ దాటి, అక్కడ హైవే వదిలేసి మూడు రోజులు ఊళ్ల మధ్య సైకిళ్ల మీద తిరగడం. నేను యాభైకి దగ్గరపడి, కోపానికి తోడు బీపీ కూడా వచ్చాక ఆ గుంపులో చేరాను. బయల్దేరే ముందు ఆయన చిన్న ప్రార్థన చేసేవారు. "ప్రభువా, పంక్చర్లు తగ్గించు. తగవులమ్మ నోటికి మధ్యమధ్య విశ్రాంతినివ్వు. ఆమెన్." నేను నాస్తికురాలిని. కళ్లు మూసుకునేదాన్ని కాదు. కానీ ఆమెన్ అనేదాకా సైకిల్ స్టాండు తీసేదాన్నీ కాదు.

ఆయన పెట్టిన నియమాలు రెండు. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్లు ముందుండాలి. రోడ్డు మీద వడ్లు కనిపిస్తే సైకిల్ దిగాలి. అందరికన్నా వెనక ఆయన, సంచిలో గాలి పంపు, పంక్చర్ సామాను, ఎవరో ఒకరు మరిచిపోయి వచ్చిన నీళ్ల సీసా.

వడ్ల సంగతి పట్నం వాళ్లకు చెప్పాలి. మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ ఉందంటే కొనుగోలు కేంద్రంలో పక్కన పెట్టేస్తారు. ఆరబోద్దామంటే కల్లం లేదు. సర్కారు కల్లం కట్టకుండా రోడ్డేసింది, ఊరు ఆ రోడ్డునే కల్లం చేసుకుంది. కార్లో పోయేవాడికి అది అడ్డం. వాడు రాత్రికి తినే అన్నం అదేనని వాడికెవరు చెప్తారు?

నా రెండో యాత్రలో సరిగ్గా ఈ సంగతే, పక్కన తొక్కుతున్న ఒక బ్యాంకు ఉద్యోగికి ఊగిపోతూ చెప్తున్నాను. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి గాల్లో. కింద కరకరమంది.

"ఓ మేడం! కండ్లు కనవడ్తలేవా? అన్నం మీదికెల్లి పోతున్నవ్!"

చీపురు పట్టుకుని ఒక పెద్దమ్మ. నా నోట వచ్చిన మాట ఇంకా అన్యాయం: "అమ్మా, నేను నీ తరఫునే మాట్లాడుతున్న."

"నా తరఫున మాట్లాడుడు తర్వాత. ముందుగల నా వడ్ల మీదికెల్లి దిగు."

గుంపంతా నవ్వింది. సారు నవ్వలేదు. వెనక నుంచి వచ్చి, సైకిల్ పక్కన పెట్టి, బూట్లు విప్పి, ప్యాంటు పిక్కల దాకా మడిచారు. "అమ్మా, జెర కాళ్లు పెట్టొచ్చా?"

"పెట్టు సారూ. నువ్వన్న అడిగినవ్."

కాళ్లెత్తకుండా ఈడుస్తూ వడ్లలో నడిస్తే అడుగునున్న పచ్చి గింజలు పైకొస్తాయి, నడిచినవాళ్ల వెనక రెండు చాళ్లు పడతాయి. వడ్లు తిరగేసే పద్ధతి అది. ఆయన ఆ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చారు. నా టైరు గీత ఆ చాళ్లలో కలిసిపోయింది. బూట్లు తొడుక్కుంటూ నాతో ఒక్క మాటే అన్నారు: "కోపం మంచిదేనమ్మా. దాని చక్రం కింద ఏం నలుగుతోందో చూసుకుంటే చాలు."

నేనూరుకుంటానా? చాయ్ దగ్గర పట్టుకున్నాను. "మనం దిగి నడిస్తే రైతు బతుకు మారుతదా సార్? ఇది పుణ్యం. పోరాటం కాదు."

"పోరాటం చెయ్యొద్దని ఎవరన్నారే? దిగి చెయ్యి."

ఆయన మీద నా ఫిర్యాదులు నాకున్నాయి. ఏ విజ్ఞాపన మీదా ఆయన సంతకం పెట్టలేదు. ధర్నాకు రమ్మంటే, ఆ రోజు చర్చిలో పాటల ప్రాక్టీసుందనేవారు. అది తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ సమాధుల తోటలో పాస్టరుగారు "ఎవరి జోలికీ పోని మనిషి" అన్నప్పుడు మాత్రం లేచి కాదందామనిపించింది. నేను చూశాను కాబట్టి. ఓసారి ఒక పెద్ద కారు హారన్ కొట్టుకుంటూ వడ్ల మీదికి వస్తుంటే, ఈ ఎవరి జోలికీ పోని మనిషి సైకిల్‌ను రోడ్డుకు అడ్డంగా పడుకోబెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"రోడ్డు మీ అయ్య జాగీరా?" అన్నాడు కారాయన.

"రోడ్డు అందరిదీ బాబూ. అన్నం సుత అందరిదే. అదిగో, పక్కన దారుంది."

కారు పక్క నుంచే పోయింది. నేను అన్ని వ్యాసాలు రాసి ఒక్క కారును కూడా ఆపలేదు.

పోయిన ఏడాది తిరిగొస్తూ, అల్వాల్‌లో ఆఖరి చాయ్ తాగుతుంటే అడిగారు. "వచ్చే ఏడు నా గుండె ఒప్పుకునేలా లేదమ్మా. వెనక నువ్వుంటావా?"

అందరూ నా వైపు చూశారు. "నేనా సార్? వెనకుంటే నాతో మాట్లాడేదెవరు?"

"అందుకే" అన్నారు.

నవ్వులాటలో "చూద్దాం" అనేశాను. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశారు. జవాబు అడుగుతారని ఎత్తలేదు. జీవితమంతా జవాబులు చెప్పడమే పనిగా పెట్టుకున్నదాన్ని, ఒక ముసలాయన అడిగిన దానికి ఊ అనలేకపోయాను. దీనికి నా దగ్గర వాదన లేదు.

ఈసారి యాత్ర మానేద్దామని కొందరన్నారు. బయల్దేరాల్సిన పొద్దున సారు వాళ్లమ్మాయి ఆయన పంపు సంచి పట్టుకుని అల్వాల్ వచ్చింది. "ఇది ఫలానా వాళ్లకివ్వమని నాన్న చెప్పలేదు. వెనక ఎవరుంటే వాళ్లకట" అంది. నేనే వెళ్లి తీసుకున్నాను. భుజం మీద అది అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

వెనక నుంచి చూస్తే మనుషులు వేరేగా కనిపిస్తారు. ఎవరి మోకాలు నొప్పెడుతోందో, ఎవరి టైరులో గాలి తగ్గిందో తెలుస్తుంది. వాదించడానికి వీపులు తప్ప ఏమీ లేవు.

రెండో రోజు మధ్యాహ్నం, మలుపు తిరగ్గానే, రోడ్డు మీద ఆ చివరిదాకా వడ్లు. ఎవరూ చెప్పకుండానే అందరూ దిగారు. అంత పొడుగు వడ్లలో ఒక్క ముసలమ్మ కాళ్లీడుస్తూ నడుస్తోంది. ఉత్తరాన మబ్బు లేస్తోంది. ఒక వ్యాసమంతా నాలుక మీదికి వచ్చింది. మింగేసి, బూట్లు విప్పాను.

"అమ్మా, జెర కాళ్లు పెట్టొచ్చా?"

"జెల్ది పెట్టు బిడ్డా, అడుగుతున్నవేంది, వాన వచ్చేటట్టున్నది!"

పైన ఎండకు కాగిన వడ్లు, లోపల చల్లగా ఉన్నాయి. నా చాళ్లు వంకరటింకరగా పడ్డాయి. ఆ చివరకు వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. గుంపు గుంపంతా వడ్లలో ఉంది, కాళ్లీడుస్తోంది. మబ్బు ఇంకా ఇటు రాలేదు. పైకి తేలిన పచ్చి గింజల మీద ఎండ పడుతోంది. రోడ్డు పక్కన సైకిళ్ల ముందు వరసగా బూట్ల జతలు, ఆ వరస చివర, నా బూట్ల పక్కన, నేను దించిన సంచిలోంచి పైకి కనిపిస్తూ ఆయన గాలి పంపు.