చల్లారిన స్లైడు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఆషాఢంలో, నన్ను తిరుచానూరు దగ్గరి ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా ల్యాబ్ టెక్నీషియన్, గ్రేడ్ టూ. రిటైర్మెంటుకు రెండేళ్లుంది.

ల్యాబ్ కింది అంతస్తులో, వెనకవైపు. కిటికీకి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉండేది; మధ్యాహ్నానికి గది మొత్తం నీటి అడుగున ఉన్నట్టుండేది. ఆడవాళ్ల ఓపీ పైన. తెల్లబట్ట పరీక్షకు తీసిన దూదిపుల్లలన్నీ ఒకే ట్రేలో పన్నెండు గంటలకు కిందికి వచ్చేవి. ఒక్కోదాన్ని సెలైన్ చుక్కలో కలిపి, గాజుపలక మీద పరచి మైక్రోస్కోపులో చూసేదాన్ని.

మునెమ్మ అనే ఆమె అమ్మవారి గుడి దగ్గర పూలమ్మేది. మూడు నెలల్లో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ "ట్రైకోమోనాస్ కనబడలేదు" అని నేనే రాశాను. ఆ రిపోర్టు చూసి డాక్టరమ్మ ఫంగస్ అనుకుని మాత్రలిచ్చేది.

నాలుగోసారి మునెమ్మ చీటీ పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"మంట తగ్గలే మేడమ్. నురగ మాదిరి పోతా ఉండాది. మా ఇంటాయన పక్కన పండుకోను గూడా బయం. నా ఒళ్లే కుళ్లిపోయిందేమో."

నురగ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ట్రైకోమోనాస్ అంటే కలయిక వల్ల అంటుకునే ఏకకణ జీవి. నురగ దాని గుర్తుల్లో ఒకటి. వెచ్చదనం ఉన్నంతసేపే అది కదులుతుంది. చల్లారితే ఆగిపోయి, మామూలు తెల్లకణంలా కనిపిస్తుంది. ట్రేలో గంటలు గడిచిన పుల్లల్లో ఇన్నాళ్లూ నేను కదలికను వెతుకుతున్నాను.

నర్సును బతిమాలి అప్పుడే నమూనా తీయించాను. గోరువెచ్చని సెలైన్ గొట్టంలో పెట్టి, గుప్పిట మూసి, మెట్లు దిగాను. కన్ను ఆనించగానే కనిపించాయి. బేరిపండు ఆకారంలో, సన్నటి పోగులు కొట్టుకుంటూ, గిరగిరా తిరుగుతూ, వెలుతురులో తేలుతున్నాయి. ఫ్యాను చప్పుడు నాకు వినిపించడం మానేసింది. ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత లేచి మునెమ్మను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

"ఇవా మేడమ్? ఎంత సిన్నగా ఉండాయి! ఆడుకుంటా ఉండాయే," అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మర్నాడు రేణిగుంట గోడౌనులో పనిచేసే ఆమె భర్త శేఖర్ వచ్చాడు. మగవాళ్లలో చాలామందికి లక్షణాలుండవనీ, ఇద్దరూ మాత్రలు వాడకపోతే మళ్లీ అంటుకుంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. అతను నావైపు తిరిగాడు.

"నాకేమీ లేదే. దీన్ని ఎవురు తెచ్చినారో సెప్పండి మేడమ్."

మునెమ్మ నేలకేసి చూస్తోంది. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఈ పరీక్ష చెప్పదనీ, అది నెలల తరబడి తెలియకుండా ఒంట్లో ఉండగలదనీ చెప్పాను. మూడుసార్లు తప్పు రాసింది మాత్రం నేనేనని కూడా చెప్పాను.

అతను మాత్రల పొట్లాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చివరికి భార్యతో "నీళ్లియ్యి" అని, మొదటి మాత్ర అక్కడే మింగాడు. ఇద్దరికీ ఏడు రోజుల మెట్రోనిడజోల్. అది పూర్తయి ఇద్దరికీ తగ్గేదాకా కలవకూడదు. మిగతా సుఖవ్యాధుల పరీక్షలూ చేశాం, అవేవీ లేవు. మూడు నెలలకు మునెమ్మ నమూనా వెచ్చగా ఉండగానే చూశాను. ఏమీ కదల్లేదు.

ఆ తర్వాత రిజిస్టరులో నమూనా తీసిన సమయానికి ఒక గడి గీసుకున్నాను. ఆలస్యమైన వాటికి "కనబడలేదు" అని రాయడం మానేసి, "పరీక్షకు పనికిరాదు, మళ్లీ తీయండి" అని రాశాను. ఆ రెండు మాటలకూ తేడా నాకు ఉద్యోగం చివర్లో తెలిసింది.