గొంతు చీలిన పాట

ఓర్ఫా స్టిడమ్ తన గొంతును తానే మొదట పోల్చుకోలేదు. చిక్కుడుకాయలు నిలవపెట్టుకోవడానికి మూతలున్న గాజుసీసాలు దొరుకుతాయేమోనని కెంటకీ కొండల్లోని మా శనివారం సంతకు వచ్చిందామె. లానీ క్రేస్ దుకాణం ముందు జనం గుమిగూడి పడీ పడీ నవ్వుతున్నారు. లోపల టేపు యంత్రంలో ఎవరో ఆడపిల్ల దేవుడి పాట పాడుతోంది. పై స్థాయికి వెళ్ళేసరికి ఆ పిల్ల గొంతు కీచుమని చీలింది. సరిగ్గా అప్పుడే యంత్రం టక్కుమని ఆగి, మిగతా సగం కీచుతో మళ్ళీ మొదలైంది. జనం ఘొల్లుమన్నారు.

లానీ అమ్మేవి పాత ఎయిట్ ట్రాక్ టేపులు. ఒకప్పుడు ప్రతి లారీలోనూ మోగినవే. రొట్టెముక్కంత లావు ప్లాస్టిక్ పెట్టెలు. పాట సగంలో ఉండగానే టక్కుమని ఆగి, ఇంకో ట్రాకు మీద మళ్ళీ మొదలవడం వాటి జబ్బు. క్యాసెట్లు వచ్చాక వాటిని చెత్తలో పారేశారు. ఇప్పుడు వాటిని ఏరుకోవడానికి దూరాల నుంచి వస్తున్నారు. మంచి పాటలకన్నా నవ్వు పుట్టించే పాటలకే గిరాకీ. ఒకప్పుడు దేవుడి పాటలు పాడిన స్టిడమ్ అక్కచెల్లెళ్ళ టేపులు లానీకి మూతపడిన ఓ చర్చి కొట్టుగదిలో రెండు అట్టపెట్టెల నిండా దొరికాయి.

"అది నేనే," అంది ఓర్ఫా.

లానీ ఆమెను ఎగాదిగా చూశాడు. పాఠశాల వంటగదిలో పనిచేసి చేతులు ఎర్రబారిన మనిషి. అతని మొహం వెలిగిపోయింది. "అమ్మ తల్లీ! ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు ఓర్ఫాగారూ? మీ అభిమానులు సిన్సినాటి నుంచి వస్తున్నారు. వచ్చే శనివారం రండి. కుర్చీ వేస్తాను, మైకు పెడతాను."

తనను పాడమని ఎవరైనా అడిగి పాతికేళ్ళయింది. నీలం గౌను ఇస్త్రీ చేసుకుని వచ్చింది. కళ్ళు మూసుకుని పాట చక్కగా పాడింది. పై స్థాయి తొణక్కుండా అందుకుంది. కళ్ళు తెరిచి చూస్తే ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"అదేంటండీ, అక్కడ కీచుమనాలి కదా!" అన్నాడు ముందు నిలబడ్డ గడ్డం మనిషి. "దానికోసమే నాలుగు గంటలు బండి నడుపుకుని వచ్చాను." అందరూ నవ్వారు.

అప్పుడు అర్థమైంది ఓర్ఫాకు. లేచి వెళ్ళిపోతుందనుకున్నారు. మైకు వదల్లేదు.

"ఆ టేపు చేసిన వారమే నా బిడ్డను పూడ్చాం," అంది. "వాడి పేరు ఎస్టిల్. పదకొండు రోజులు బతికాడు. నాకు పెళ్ళి కాలేదు. మా నాన్న పాస్టరు. 'స్టూడియో ముందే మాట్లాడేశాను, ఏడుపు ఇంటికొచ్చాక ఏడుద్దువుగాని' అన్నాడు. అక్కడ పై స్థాయిలో నా గొంతు చీలిపోయింది. మళ్ళీ పాడతానంటే టేపు దండగన్నాడు."

గడ్డం మనిషి టోపీ తీశాడు. ఆ తరవాత మూడు టేపులు కొన్నాడు.

మరుసటి శనివారానికి లానీ దుకాణానికి బోర్డు కట్టాడు: బిడ్డను పూడ్చిన వారంలో పాడిన పాట. "రండి బాబూ రండి! ఈ తల్లి కన్నకొడుకు ఎస్టిల్! గుండె రాయి చేసుకుని వినండి!" అని అరిచాడు. జనం రెట్టింపయ్యారు. మొదట దిగులు మొహాలు పెట్టుకుని విన్నారు. టేపులో కీచు రాగానే ఒకడు ఆపుకోలేకపోయాడు. వాణ్ణి చూసి పక్కవాడు. ఆఖరికి అందరూ నవ్వారు, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు వాలి మరీ.

ఓర్ఫా మైకు అందుకుంది. ఈసారి ఆ చోటు రాగానే గొంతు తానే చీల్చింది. చప్పట్లు మోగాయి. ఆ వేసవంతా ప్రతి శనివారం వెళ్ళింది. ఎక్కడ ఆపి ఎంతసేపు చీలిస్తే జనం ఎక్కువ ఊగుతారో నేర్చుకుంది.

ఆమె అక్క నోలాకు ఈ సంగతి చర్చిలో ఎవరో చెప్పారు. ఇద్దరూ తండ్రి వదిలిన ఇంట్లోనే ఉంటారు. నోలా సంతకు వచ్చి, జనం అందరూ చూస్తుండగా చెల్లెలి జబ్బ పట్టుకుంది.

"సిగ్గు లేదటే? నాన్న పేరు బజార్న పడేస్తావా? నిన్ను చూసి నవ్వుతున్నారే పిచ్చిదానా!"

"తెలుసక్కా."

"తెలిసే వస్తున్నావా?"

"నా బిడ్డ పేరు ఇక్కడ పిలుస్తారక్కా," అంది ఓర్ఫా. "ఇంట్లో నువ్వొక్కసారైనా పిలవలేదు. సమాధి రాతి మీద కూడా చెక్కించలేదు."

"ఇదిగో, ఇది కూడా మైకులో చెప్పండి!" అన్నాడు లానీ వెనకనుంచి.

నోలా చేయి వదిలేసి వెళ్ళిపోయింది.

ఆకులు రాలే రోజుల్లో అట్టపెట్టెలు రెండూ ఖాళీ అయ్యాయి. ఆ శనివారం ఓర్ఫా వచ్చేసరికి బోర్డు లేదు, కుర్చీ లేదు. తాగేసి బాంజో వాయిస్తూ పాడిన ఎవరో మనిషి టేపు అక్కడ మోగుతోంది. కొత్త జనం, కొత్త నవ్వులు.

"అయిపోయాయి ఓర్ఫాగారూ," అన్నాడు లానీ, ఆమె వంక చూడకుండానే. "ఆఖరిది నిన్న పోస్టులో పంపేశాను."

"ఊరికే పాడతాను."

"టేపు లేకుండా మీ పాట ఎవడు వింటాడమ్మా? కాస్త పక్కకు జరగండి, కొనేవాళ్ళకు అడ్డం."

పక్కకు జరిగింది. బాంజో టేపు టక్కుమంది. అందరితోబాటు ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం నోలా చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె బల్లమీద పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఎస్టిల్," అంది ఓర్ఫా. మళ్ళీ, "అక్కా, ఎస్టిల్."

నోలా గిన్నె ఆమె వైపు నెట్టింది. "ఉప్పు తక్కువైంది, వేసుకో," అంది.