రాజామణిని పేరు పెట్టి పిలవకండి

సింగపూర్‌లో మా జురాంగ్ ఈస్ట్ బ్లాకులో, మా వరసలోనే చివరి ఫ్లాట్ రాజామణిది. నేను ఈ బ్లాకుకు వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, గిన్నెడు చేపల పులుసు పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడి "రాజామణీ, ఓ రాజామణీ" అని పిలిచాను. లోపల టీవీ ఆగిపోయింది. తర్వాత లైటు ఆరిపోయింది. గొంతు పెంచి మళ్లీ పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. పులుసు చల్లారింది గానీ నా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున లిఫ్టు దగ్గర కనబడి ఏమీ జరగనట్టు నవ్వింది. ఇంకొకరైతే ఊరుకునేవారేమో. నేను లిఫ్టు తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి అడిగేశాను.

"నిన్న ఇంట్లో ఉండే తలుపు తియ్యలేదేటి?"

"సరోజినక్కా, చీకటి పడేటప్పుడు పేరు పిలవొద్దు. బెల్లు కొట్టు, తీస్తాను."

"ఏం, పిలిస్తే నీ పేరు అరిగిపోద్దా?"

ఆమె నవ్వలేదు. "పిలిచేది ఎవరో నాకు ఎట్లా తెలుస్తుంది?" అంది.

ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఆమెను వదల్లేదు. కూరగాయల సంచి మోయడానికి సాయం వెళ్లి కొంచెం, బట్టలు ఆరేస్తూ కొంచెం, అలా లాగి లాగి మొత్తం రాబట్టాను.

రాజామణి పుట్టింది మలేషియాలో, పేరాక్ వైపు ఒక పామాయిల్ తోటలో. తండ్రి యర్రయ్య గెలలు కోసేవాడు. కూలీల ఇళ్లన్నీ ఒకే వరసలో ఉండేవి. వాటి వెనక గుమ్మం దగ్గరనుంచే చెట్లు మొదలు. ఎటు చూసినా వరసలు వరసలుగా ఒకేలాంటి చెట్లు. పొద్దు వాలితే ఆ వరసల మధ్య ఏముందో కనబడదు. తోటలో పెద్దవాళ్లు పిల్లలకు మొదట నేర్పే మాట ఒకటే. సందెవేళ చెట్లలోంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకొద్దు. తెలిసిన గొంతైతే అసలు పలకొద్దు.

ఆమెకు సురేన్ అని తమ్ముడు ఉండేవాడు. ఒక సాయంత్రం ఇద్దరూ వెనక గుమ్మంలో కూర్చుని ఉండగా చెట్లలోంచి పిలుపు వచ్చింది. వాడు "ఆఁ, వస్తున్నా" అంటూ పరుగెత్తాడు. తోట తోటంతా లాంతర్లు పట్టుకుని వెతికారు. ఏటి ఒడ్డున ఒక చెప్పు దొరికింది, అంతే. ఏట్లో జారిపడి ఉంటాడని పోలీసులు అన్నారు. పలికాడు కాబట్టి పోయాడని నాయనమ్మ అంది.

"పిల్లలు అట్లాగే ఆడుకుంటూ ఏట్లో పడిపోతారమ్మా. పిలుపూ లేదు, గిలుపూ లేదు" అన్నాను నేను ధైర్యం చెప్పబోయి.

"నాకూ వినబడింది అక్కా. మా అమ్మ గొంతే" అంది రాజామణి, తడి చీర దండెం మీద సర్దుతూ. "కానీ అమ్మ నా వెనక పొయ్యి దగ్గర ఉంది. తమ్ముడు వెళ్లాక అది నన్నూ పిలిచింది. నేను పలకలేదు."

పట్టపగలు, ఎర్రటి ఎండలో, నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆనాటినుంచి సాయంత్రాలు ఆమె గుమ్మం దగ్గర బెల్లే కొట్టాను.

పెద్దయ్యాక తల్లిని తీసుకుని ఆమె సింగపూర్ వచ్చేసింది. జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో భూతద్దం కింద కంప్యూటర్ పలకలకు సన్నటి తీగలు అతికించింది. తల్లిని చూసుకోవడంలో పెళ్లి ఊసే రాలేదు. ఫ్యాక్టరీ వేరే దేశానికి తరలిపోయాక, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఒక అన్నం కొట్టులో కూరలు తరిగే పనికి కుదిరింది. తల్లి పోయింది. మిగిలినదల్లా ఆదివారం భజన.

ఆ భజన మా ఇంట్లోనే. అప్పటికి సాఫ్ట్‌వేర్ పిల్లలు విమానాలనిండా వచ్చి దిగుతున్నారు. మా బ్లాకులోనే నాలుగు మూలలా తెలుగు వినబడేది. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు కంప్యూటర్లు చూసే భరద్వాజ్ వచ్చి మృదంగం పట్టాడు. మలాకా నుంచి వచ్చి స్థిరపడిన మీనా తాళాలు వేసేది. రాజామణి మాత్రం ఏనాడూ పాట ఎత్తలేదు, వంత పాడేది. ఆ వంత ఏనాడూ వదల్లేదు కూడా. నోట్లో ప్రసాదం ఉంటే గబుక్కున మింగి మరీ అందుకునేది. ఎవరైనా ఎత్తిన దేవుడి పాటను వంత లేకుండా వదిలితే పాపమని నాయనమ్మ చెప్పిందట. తోటలో పాడుకునే పాట ఒకటి మాకూ నేర్పింది. "పొద్దు వాలె సామీ, పక్కనుండవయ్యా" అని ఒకరు ఎత్తితే, "పక్కనుండవయ్యా సామీ, పక్కనుండవయ్యా" అని మిగతావాళ్లు అందుకోవాలి.

రైలు సంగతి తెచ్చింది భరద్వాజే. ఆస్ట్రేలియాలో ఎడారికి అడ్డంగా పోయే రైలు ఉందట. మన భజన బృందమంతా ఒకే పెట్టెలో పాడుకుంటూ పోదామన్నాడు.

"ఎడారిలో ఏం చూస్తాం నాయనా? ఇసకా?" అన్నాను.

"ఏమీ ఉండదాంటీ. అదే స్పెషల్. మైళ్లకొద్దీ ఒక్క చెట్టు కూడా ఉండదు."

మూల కూర్చున్న రాజామణి తల ఎత్తింది. "చెట్లే ఉండవా? నేను వస్తాను" అంది. మా మార్కెట్ దాటి ఎక్కడికీ వెళ్లని మనిషి.

అడిలైడ్‌లో రైలెక్కాం. మర్నాటికి కిటికీ బయట అంతా ఎర్ర మన్ను, మోకాలెత్తు తుప్పలు. మేము పాడుతుంటే పక్క పెట్టెల్లోంచి తెల్లవాళ్లు వచ్చి తాళం తప్పించి చప్పట్లు కొట్టారు. రాజామణి అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది.

"చూడక్కా, ఎంత దూరమైనా కనబడుతుంది. ఎవరూ దాక్కోలేరు" అంది. అంత తేటగా ఆమె ముఖం నేను ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం ఒకచోట ఎదురుగా వచ్చే గూడ్సుకు దారి ఇవ్వడానికి రైలు ఆగింది. స్టేషన్ లేదు, ఊరు లేదు. పొద్దు కుంకడం చూడండని చిన్న మెట్లు వేసి మమ్మల్ని దింపారు. కూత వేయగానే ఎక్కేయాలని రైలు ఉద్యోగిని గట్టిగా చెప్పింది. ఆకాశం మండుతున్నట్టుంది. గాలి మాత్రం చల్లగా కోసేస్తోంది. గూడ్సు పోయింది. కూత వేశారు. చలికి వణుకుతూ అందరం ఎక్కేశాం.

"మీ బృందం అందరూ వచ్చారా?" అని ఉద్యోగిని అడిగింది.

మీనా సీట్లకేసి ఒకసారి చూసి "అందరూ ఉన్నాం" అంది. రాజామణి సీట్లో శాలువా, దాని మీద టిష్యూ ప్యాకెట్ ఉన్నాయి.

"రాజామణి ఏదే?" అన్నాను.

"అలమక్, ఆంటీ! చోప్ చేసి పెట్టింది కనబళ్లేదా? టాయిలెట్‌కి పోయుంటుంది లా."

అదీ నిజమే. మా సింగపూర్‌లో హాకర్ సెంటర్ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే చోటు చోప్ చేసినట్టు, అంటే అక్కడ మనిషి కూర్చున్నట్టే లెక్క. ఎవరూ ఇంకో మాట అడగరు. కానీ నా కాలు ఊరుకోదు కదా. వెళ్లి టాయిలెట్ తలుపు తట్టాను. మళ్లీ తట్టాను. తలుపు తెరుచుకుని భారీగా ఒక తెల్ల తాత బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"రాజామణి దిగి ఉండిపోయింది! రైలు ఆపండి!" అని తెలుగులోనే అరిచాను. నా ముఖం చూసి ఆ ఉద్యోగినికి అర్థమైంది. చేతిలోని వైర్‌లెస్‌లో డ్రైవరుతో మాట్లాడి రైలు కదలకుండా ఆపించింది.

మళ్లీ దిగేసరికి ఎరుపంతా పోయి నేల బూడిదరంగుకు తిరిగింది. పగలు మోకాలెత్తున కనబడ్డ తుప్పలు ఇప్పుడు ప్రతి ఒక్కటీ ఒంగి కూర్చున్న మనిషిలా ఉన్నాయి. భరద్వాజ్ ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. సిగ్నల్ లేదు. ఒకటే పట్టాల దారి కాబట్టి వెనక వచ్చే బండికోసం ఈ రైలు ఎక్కువసేపు నిలవడానికి వీల్లేదనీ, దొరక్కపోతే ఇద్దరు మనుషుల్ని ఇక్కడ దించి పోలీసులకు కబురు చేస్తామనీ ఉద్యోగిని చెప్పింది. పోలీసులు ఎంత దూరంనుంచి రావాలో చెప్పలేదు. రాత్రి చలికి ఇక్కడ నీళ్లు గడ్డకడతాయని మాత్రం చెప్పింది. శాలువా నా చేతిలో ఉంది.

అందరూ గొంతులు చించుకున్నారు. "రాజామణీ! రాజామణి ఆంటీ!" తెల్లవాళ్లూ దిగి టార్చిలు ఊపుతూ నోరు తిరగని ఆ పేరును ముక్కలు చేసి పిలిచారు. ఆ కేకలు వెళ్లి ఎక్కడా తగలలేదు. తిరిగి రానూ లేదు. నేనూ పిలిచాను. నా గొంతు నాకే వేరేవాళ్ల గొంతులా వినబడింది.

అప్పుడు తట్టింది నాకు. నా గొంతు ఆమెకు తెలిసిన గొంతు. సందెచీకట్లో, కనబడని చోటునుంచి, తెలిసిన గొంతు పేరు పెట్టి పిలుస్తోంది. మేము ఎంత పిలిస్తే ఆమె అంత దూరం పోతుంది.

"నోళ్లు ముయ్యండర్రా!" అని అరిచాను. "ఎవరూ ఆమె పేరెత్తొద్దు!"

భరద్వాజ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆంటీ, కంగారు పడకండి. పిలవకపోతే ఆవిడ ఎలా వస్తారు?"

"పిలుస్తున్నాం కాబట్టే రావట్లేదు నాయనా. మీనా, తాళాలు తే. తోట పాట ఎత్తుదాం. ఒక్క మాట, వంత ఎవరూ అందుకోవద్దు. ఆ చోటు ఖాళీగా వదిలేయండి."

"ఎందుకాంటీ?" అంది మీనా ఏడుస్తూ.

"అది ఆమె చోటు."

పాట ఎత్తాను. "పొద్దు వాలె సామీ, పక్కనుండవయ్యా..." తాళం మోగింది. ఆగాం. గాలి తప్ప ఏమీ లేదు. అలవాటున భరద్వాజ్ నోరు తెరవబోతే వాడి మూతి మీద చెయ్యి పెట్టాను. మళ్లీ ఎత్తాను. మళ్లీ ఆగాం. ఆ ఖాళీలో నిలబడటం కంటే కేకలు వేయడమే నయం. పాట సగంలో వేలాడుతోంది. ఎదురుగా ఏముందో కనబడటం లేదు. ఆమె పలకకపోతే అన్న భయం ఒకటి. నిజం చెప్పాలంటే, పలికేది ఆమె కాకపోతే అన్న భయం ఇంకొకటి. రైలు ఒక చిన్న కూత వేసింది, తొందరపెడుతున్నట్టు.

మూడోసారి నా గొంతు కీచుమంది. శ్రుతి ఎటో పోయింది. పాట ఆపాను.

ఎడమవైపు తుప్పల్లోంచి దారంలా ఒక గొంతు వచ్చింది. "పక్కనుండవయ్యా... సామీ... పక్కనుండవయ్యా."

మీనా తాళాలు జారవిడిచింది. "పరుగెత్తకండి, పాడుతూ నడవండి" అన్నాను. నేను ఒక చరణం ఎత్తడం, ఆమె అందుకోవడం, ఆ గొంతుకేసి నాలుగడుగులు వేయడం. అలా వెళ్లాం. టార్చి వెలుగులో ఒక తుప్ప వెనక ఆమె కనబడింది. మోకాళ్లు ముడుచుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ముట్టుకోబోతే వెనక్కి జరిగింది. కళ్లు తెరవకుండానే, "నువ్వు అక్కవైతే ఇంకొకసారి పాడు" అంది.

పాడాను. ఏడుపులో ఇంకా ఘోరంగా వచ్చింది.

"అక్కే" అంది రాజామణి కళ్లు తెరిచి. "అదైతే ఇంత అపశ్రుతిగా పాడదు."

శాలువా కప్పి, నేనూ మీనా చెరోవైపు పట్టుకుని రైలెక్కించాం. ఎంత దూరం నడిచినా రైలు కనబడుతూనే ఉందని, చెట్లు లేని చోట నడవడం బాగుందని, చీకటి ముంచుకు రావడం గమనించలేదట. వెనక్కి తిరిగేసరికి పిలుపులు మొదలయ్యాయట. "అందరి గొంతులూ వచ్చాయి అక్కా. అన్నీ తెలిసినవే. అందుకే కూర్చుండిపోయాను. పాట వచ్చింది. వంత ఎవరూ అందుకోలేదు. పాపం కదా, ఎట్లా వదిలేది?" అంది. రైలు కదిలింది. దారి పొడవునా ఆమె నా చెయ్యి వదల్లేదు, నేనూ వదిలించుకోలేదు. ఆ రాత్రి పెట్టెలో ఎవరూ పాట ఎత్తలేదు.

జురాంగ్ ఈస్ట్‌కు తిరిగొచ్చాక ఆమె మళ్లీ కూరలు తరుగుతోంది, ఆదివారం మూల కూర్చుని వంత పాడుతోంది. ఇప్పుడు సాయంత్రం ఏదైనా ఇవ్వాలంటే నేను బెల్లు కొట్టను. వరండాలో నిలబడి ఆ పాట మొదటి చరణం ఎత్తుతాను. పక్కింటి చైనా ముసలమ్మ తలుపు తీసి నన్ను తిట్టి వేసుకుంటుంది. చివరి ఫ్లాట్‌లోంచి ముందు వంత వస్తుంది, ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు.

నా సంగతే బాగాలేదు. మొన్న సందెవేళ కిందనుంచి మా ఆయన సాంబమూర్తి "సరోజినీ" అని పిలిచారు. పలకడానికి నోరు తెరిచి, వెనక్కి తిరిగి హాల్లోకి చూశాను, ఆయన ఇంట్లోనే ఉన్నారేమోనని.