వాసెన కట్టిన మాగాయ

పచ్చళ్ళ సుందరమ్మగారు పొద్దున్నే తెనాలి దుకాణంలో మామిడి ముక్క కొరికి, కళ్ళు మూసుకుని పులుపు అంచనా వేసేవారు. దాన్నిబట్టి ఆనాటి ఉప్పూ కారాల పాళ్ళు బాపట్ల, రేపల్లె దుకాణాలకు ఫోన్‌లో అరిచి చెప్పేవారు. ఎవరైనా వింటారని ఒకటే బెంగ. అందుకే రెండు వేల ఆరు వేసవిలో మూడుచోట్లా కంప్యూటర్లు పెట్టించారు. “ఇంటర్నెట్ అందరిదీ కదా బాబూ, దారిలో ఎవరైనా చూస్తే?” అని అడిగితే, వాటిని కలిపిన విజయసారథి నవ్వాడు. “వీపీఎన్ పెట్టానండి. మీరు జాడీకి వాసెన కట్టి బస్సులో పంపుతారే, అలాగే. బస్సు అందరిదీ. వాసెన విప్పడం మాత్రం మన కంప్యూటర్లకే తెలుసు.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. తలుపు గడియ పెట్టి, పసుపు వేలు కొంగుకు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ, అలవాటు కొద్దీ ఫోన్‌లో అరిచినట్టే పైకి చదివారు. “మాగాయ ముక్కలు నాలుగు మానికలు… కారం మానెడు… ఉప్పు మూడు సోలలు… అంతే.”

కిటికీ అవతలి నుంచి పక్కింటి ఆండాళమ్మ కేకేసింది. “వదినా, మెంతిపిండి మర్చిపోయావు!”

“అయ్యో, నా మతి మండా!” అంటూ అదీ చేర్చి పంపించి, సుందరమ్మగారు తృప్తిగా విజయసారథి వైపు తిరిగారు. “ఇంక ఈ పాళ్ళు మన మూడు దుకాణాలూ దాటవు కదూ, బాబూ?”