సర్కారు గోడ

తడిసిన సున్నపు గోడ వాసన ఈ వయసులోనూ నన్ను ఉన్నచోటే నిలబెట్టేస్తుంది. మొన్న అద్దెఇల్లు చూడబోయి, ఆ వాసన తగలగానే గడప దాటకుండా తిరిగొచ్చాను.

గోదావరిఖని పక్కన మా ఊరి బడికి ఒకటే గది. అరవైల చివరి వానాకాలాల్లో, కప్పు కారే చోట్లు తప్పించుకుంటూ, మక్కపేలాలు వొడిలో దాచుకుని, ఒకరినొకరం ఒరుసుకుని కూర్చునేవాళ్లం. నా స్నేహితురాలు సమ్మక్కది గోడవైపు చోటు, ఆమె పక్కన నేను. బొగ్గుబాయిలో మందుగుండు పేలినప్పుడల్లా నేల సన్నగా అదిరి, గోడ పగుల్లోంచి మట్టి జలజలా రాలేది. ఆ పగుల్లో మొదట చీపురుపుల్ల పట్టేది. బోనాల నాటికి మా వేళ్లు పట్టాయి.

మా బాపు రాజయ్య బాయిలో కప్పు కూలకుండా గుంజలు నిలబెట్టేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి, మసి మొహంతోనే బడికొచ్చి, గోడను వేళ్ల కణుపులతో కొట్టి విన్నాడు. ఆయన మొహం మారింది.

"సారూ, లోపల డొల్లయింది. ఐతారం నలుగురం వచ్చి గుంజలు పెడ్తం."

మా సారు మంచివాడే, కానీ భయస్తుడు. "ఇది సర్కారు బడి రాజయ్యా. కాయితం రాకుండ ముట్టుకుంటే నా నౌకరి పోతది."

బాపు ఇల్లిల్లూ తిరిగాడు. ఒకరిది పొద్దటి షిఫ్టు, ఒకరిది రాత్రి షిఫ్టు, అందరూ కలిసేదెప్పుడు? సర్కారు గోడ ముడితే కేసైతదని కొందరు భయపడ్డారు. "సదువుకున్న సారుకు తెల్వదా అన్నా?" అన్నాడు సమ్మక్క తండ్రి. బాపు ఇక ఎవరినీ అడగలేదు. నన్ను మాత్రం తలుపు దగ్గరికి జరిగి కూర్చోమన్నాడు. జరిగాను. ఎందుకు జరిగానో సమ్మక్కకు చెప్పలేదు.

ఎక్కాలు వల్లిస్తుండగా గోడ కూలింది. నేను బయటికి దూకాను. సమ్మక్క కాలు రాళ్లకింద నలిగింది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే, షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే మిగిలిన గోడలకు గుంజలు మోసుకొచ్చారు. సారు కూడా ఒక గుంజకు భుజం పెట్టాడు. కాయితం చివరిదాకా రాలేదు.

ఇప్పుడు ఆ బడీ లేదు, ఊరూ లేదు. రెండింటినీ ఓపెన్‌కాస్టు గని తవ్వేసుకుంది. బాపు పోయి చాలా ఏళ్లయింది. కర్ర సాయంతో నడిచే సమ్మక్కను ఈమధ్యే, ఇన్నేళ్లకు, అడిగాను: "నేను తలుపు దగ్గరికెందుకు జరిగిన్నో నీకెరుకేనా?"

"ఎరుకే," అంది. "మీ బాపే చెప్పిండు, దవాఖానల నా మంచం పక్కన కూసొని ఏడ్సుకుంట."