ఆ పొద్దుటి కూడు

ఏర్పేడు దగ్గర ఒక కాలేజీ మెస్సులో సంతోషమ్మ వంటమనిషి. ఆమె సాంబారును పిల్లలంతా లొట్టలేసుకుంటూ తింటారు. ఏ కులం చెయ్యి అని ఒక్కరూ అడగరు. అదే సంతోషమ్మ సొంత ఊళ్లో పై వీధికి వెళ్తే మంచినీళ్లు కూడా ఎత్తి దోసిట్లో పోస్తారు. లోకం అంటే అంతే మరి.

పదేళ్ల కిందట ఆ ఊళ్లో చర్చి మైకు దగ్గర మొదలైన తగాదా దళితవాడ గుడిసెలు తగలబెట్టేదాకా పోయింది. బయటినుంచి వచ్చినవాళ్లు కుర్రకారుకు విషం నూరిపోశారు, పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పక్క గుడిసెలో చిక్కుకున్న ముసలామెను తేవడానికి మంటల్లోకి వెళ్లిన సంతోషమ్మ మొగుడు ఏకాంబరం మళ్లీ రాలేదు. పై వీధి మునిరామయ్య అగ్గి పెట్టడం వాడంతా చూసింది. కోర్టులో మాత్రం సాక్షులు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి పెద్దమనుషులు మునిరామయ్యను, దొంగ ప్రమాణం చేసినవాణ్ణి వినాయకుడు వదలడని పేరున్న కాణిపాకం తీసుకెళ్లారు. ఆయన స్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి, ‘నేను ఆడ లేను’ అని ప్రమాణం చేసేశాడు. ఇంకేం, వ్యవహారం తెగిందన్నారు. చెయ్యాల్సిందంతా చేసి దేవుడి నెత్తిన పెట్టడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

సంతోషమ్మ ఆదివారం చర్చిలో మోకరించి ‘వాళ్లను క్షమించు ప్రభువా’ అనేది. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని, ‘వినాయకా, నీ ముందరే అబద్ధమాడినాడు, నువ్వే చూసుకో’ అనేది. ఇద్దరు దేవుళ్లకూ తలా ఒక పని అప్పజెప్పి అన్నేళ్లూ నెట్టుకొచ్చింది పాపం.

వినాయకుడు చూసుకున్నట్టే కనిపించింది. మునిరామయ్య ఒక్కగానొక్క కొడుకు మోహనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఒకనాటి సాయంత్రం మునిరామయ్య భార్య వరదమ్మ దళితవాడకు వచ్చి, సంతోషమ్మ గడప ముందు నేల మీద కూలబడింది.

“మా ఇంటాయన ఆ పొద్దు ఆడనే ఉన్నాడు సంతోషమ్మా. అగ్గి పెట్టింది ఆయనే. దొంగ ప్రమాణం చేసినాడు, అది నా బిడ్డకు తగిలింది. నువ్వొచ్చి ఆ సామి ముందర ‘ఇడిసిపెట్టినా’ అని చెప్తే వాడు బతుకుతాడు.”

ఈ ఒక్క మాట వినడానికే సంతోషమ్మ అన్నేళ్లూ కాచుకుంది. తీరా చెవిన పడ్డాక సంతోషం కలగలేదు, భయం వేసింది. మొక్కుకున్నది తానే కదా. కానీ పిల్లాణ్ణి అడగలేదే! మెస్సులో తన చేతి అన్నం తినే పిల్లల ఈడే వాడిది.

“నీ బిడ్డను నేను అడగలేదు తల్లీ. పా, పోదాం,” అంది.

ఇద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చుని కాణిపాకం వెళ్లారు. గుళ్లో ఎట్లా మొక్కాలో తెలియక సంతోషమ్మ చర్చిలో మాదిరే మోకరించింది.

“నాయన చేసిన దాన్ని బిడ్డ మీద ఎయ్యొద్దు సామీ. నేను ఇడిసిపెట్టినా.”

మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

మోహన బతకలేదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కల వాళ్లే వండి తెస్తారు. సంతోషమ్మ అన్నం వార్చి, చారు కాచి, క్యారియర్లో సర్దుకుని పై వీధికి బయలుదేరింది. నీకేమన్నా మతి పోయిందా అని వాడలో వాళ్లు తిట్టారు. మునిరామయ్య ఇంటి పంచలో ఆడవాళ్లు మొహామొహాలు చూసుకున్నారు. సంతోషమ్మ క్యారియర్‌ను మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“ఆగు,” అంటూ వరదమ్మ బయటికి వచ్చింది. పొద్దుటినుంచి ఎవరు తెచ్చిందీ ముట్టని మనిషి, అందరూ చూస్తుండగా మెట్టు మీదే కూర్చుని గిన్నె విప్పి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. రెండో ముద్దకు చెయ్యి ఆగిపోయింది.

“ఏకాంబరం పోయిన పొద్దు నీకెవురు తెచ్చిరి కూడు?”

పోలీసులు ఎన్నో అడిగారు, వకీళ్లు ఎన్నో అడిగారు. ఈ మాట మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

“ఎవురూ తేలేదక్కా. మా వాడంతా కాలిపోయె గదా. మీ ఈది పొయ్యిల పొగ చూస్తా, నీళ్లు తాగి పండుకుంటి.”

తలుపు వెనక నిలబడ్డ మునిరామయ్య గోడకు తల ఆనించాడు.

వరదమ్మ రెండో గిన్నె విప్పి సంతోషమ్మ వైపు జరిపింది.

“అయితే ఆ పొద్దుటి కూడు ఇప్పుడు తిను.”

సంతోషమ్మ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుని, కళ్లనీళ్లు గిన్నెలో పడుతుంటే తుడుచుకోకుండానే తిన్నది.