చేపలు రాని గెడ్డ

ఈ ఉదయం మా మనవరాలు అక్వేరియంలో చెయ్యి పెట్టింది. చిన్న చేపలు వచ్చి వేళ్లు కొరుకుతుంటే నవ్వుతోంది. నేను మాత్రం ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాను.

గెడ్డ నీళ్లు, అంటే ఊరి వాగు నీళ్లు, తాగి పెరిగిన నా ఈడు వాళ్లకు ఈ లెక్క గుర్తుందా? సబ్బవరం పక్కన మా ఊళ్లో బిందె ముంచే ముందు మణికట్టు దాకా నీళ్లలో చెయ్యి పెట్టి ఇరవై దాకా లెక్కపెట్టాలి. చేపపిల్లలు వచ్చి తాకితేనే ఆ నీళ్లు ఇంటికి. అది మా నాయనమ్మ నియమం. నేను ఒక్క అంకె కూడా తగ్గించేదాన్ని కాదు.

ఒక ఏడు నాన్న గెడ్డ గట్టు మీది మొగలి పొదలు, కానుగ చెట్లు కొట్టించి, నీటి అంచు దాకా మిరప వేశాడు. పురుగుమందు చల్లించాడు. ఆ వెంటనే పెద్ద వాన పడింది. వాన వెలిసిన నాలుగో రోజు నాన్న, నాయనమ్మ, నేను గెడ్డకు వెళ్లాం. అడుగున గులకరాళ్లు కూడా కనిపిస్తున్నాయి. కప్పల అరుపు లేదు. ఇరవై అయింది, వంద అయింది. నా చేతిని ఏదీ తాకలేదు.

“సెయ్యి తీసెయ్యే,” అంది నాయనమ్మ.

నాన్న నవ్వాడు. “నీల్లు అద్దంనాగ ఉన్నాయి కదే అమ్మా. నీకేటి బయం?” అంటూ తాగడానికి దోసిలి పట్టాడు.

నాయనమ్మ ఆ దోసిలి మీద కొట్టింది. “అద్దంలో ఏటి బతుకుతాదిరా?”

నాన్న వంగి తనూ చెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపటికి లేచి, ఖాళీ బిందెలు తనే మోసుకొచ్చాడు.

తరువాత మిరప పీకేసి మొగలి పిలకలు నాటాడు. అవి నా ఎత్తు పెరిగినా, రోజూ పొద్దున్నే గెడ్డకు వెళ్లి, తడి చెయ్యి చూసుకుంటూ తిరిగి వచ్చేవాడు. చేపలు వచ్చాయా అని ఇంట్లో ఎవరమూ అడగలేదు.